సబ్ అచ్ఛా

సెలవు మీద వచ్చిన ఆరో రోజు మా పశువుల కొట్టం చుట్టూ ఉన్న రాళ్లకు సున్నం వేస్తున్నాను. ఎవరూ వేయమనలేదు. పలమనేరు పక్కన మా ఊళ్లో రాళ్లు రాళ్లలాగే ఉంటాయి, వాటికి తెల్ల సున్నం, పైన ఎర్ర గీత ఉండాలని ఎవరికీ తోచదు. నాకు తోచింది. తెల్లారి అయిదింటికే మెలకువ వచ్చేస్తుంది. పాలు పితకబోతే నాయన "నీ చెయ్యి ఆవులకు అలవాటు లేదు, తంతాయి, పో" అన్నాడు. పాల సొసైటీ దాకా నడిచాను, వెనక్కి నడిచాను. వాకిట్లో చెప్పులన్నీ వరుసగా పెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియక అంగడికి పోయి సున్నం తెచ్చాను.

నాయన గడ్డిమోపు దించి, నడుం మీద చేతులేసుకుని చూశాడు.

"ఎవురొస్తా ఉండారబ్బా? ఆవులకు ఇన్‌స్పెక్షనా?"

నవ్వాల్సిన మాటే గానీ నాకు ఒళ్లు మండింది. పద్నాలుగేళ్ల సర్వీసులో నేను యుద్ధం చూడలేదు. ఈ నాలుగేళ్లుగా ఉత్తరాదిలో ఒక కంటోన్మెంటులో ఉన్నాం. అక్కడ నేను చేసేది ఈ రాళ్ల పనే అని ఆయనకెలా చెప్పేది? పెద్ద సాబ్ ఎవరైనా వస్తున్నాడంటే నెల ముందు నుంచి గడ్డి కోస్తాం, చెట్ల మొదళ్లకు సున్నం వేస్తాం, రాళ్లకు వేస్తాం. వాన పడితే మళ్లీ మొదటి నుంచి. కష్టమని కాదు. ఎండలో బరువు మోసుకుని రోజంతా నడవమంటే నడుస్తాం, రాత్రికి జోకులేసుకుంటాం. ఎందుకు చేస్తున్నామో తెలియని పనే మనిషిని తొలిచేస్తుంది. ఒకడు తిండి తగ్గిస్తాడు, ఒకడు ప్రతిదానికీ కయ్యానికి దిగుతాడు, ఒకడు ఉలకడు పలకడు. ఊళ్లో మాత్రం నేను దేశానికి కాపలా కాసేవాణ్ణి.

బ్రష్ చేతిలో ఉండగానే ఫోను మోగింది. మా కంపెనీ సుబేదార్ సాబ్. రిటైరయ్యే వయసు, మా అందరికీ పెద్ద దిక్కు. మమ్మల్ని ఊరి పేర్లతోనే పిలుస్తాడు.

"పలమనేర్, నగరీ ఇంకా రాలేదు," అన్నాడు హిందీలో. "వాడి సెలవు అయిపోయి పన్నెండు రోజులు. నీ జిల్లావాడే కదా, పోయి తీసుకురా. నెల దాటితే పారిపోయినవాడని రాయాల్సొస్తుంది. పోలీసులకు కాగితం పోతుంది. వాడి ఉద్యోగం, పరువు, అన్నీ పోతాయి." చివర్లో అలవాటుగా అడిగాడు. "మిగతా సబ్ అచ్ఛా?"

"సబ్ అచ్ఛా, సాబ్."

నోరు దానంతటదే అనేసింది. బ్రష్ నుంచి సున్నం నా కాలి మీదికి కారింది.

సాయంత్రం మాకు గిన్తీ అని ఒకటి ఉంటుంది. అందరినీ వరుసలో నిలబెట్టి తలలు లెక్కపెడతారు. సెక్షన్‌కు పెద్దనైన నేను ఒక అడుగు ముందుకేసి, అంతా బాగుందని గట్టిగా చెప్పాలి. ఆ చెప్పే మాటే సబ్ అచ్ఛా. ఇంకో మాట చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఇంటికి ఫోను చేసినా నాకు అదే వస్తుంది, తెలుగులో వస్తుందంతే. నా భార్య దెప్పుతూ ఉంటుంది. "బాగుండా అని సెప్పేదానికేనా ఫోను సేసేది? ఇంకో మాటేదన్నా సెప్పు సామీ."

నగరి వాడి విషయంలో ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. అది తెలిసింది నాకొక్కడికే.

వాడు చేనేత ఇంటి పిల్లాడు. వచ్చిన కొత్తలో సగం తెలుగు సగం అరవంలో అందరినీ ఆటపట్టించేవాడు. సెలవు అడిగితే ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దామని రెండుసార్లు ఆపారు. నవ్వడం మానేశాడు. మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం, గేటు దగ్గర ఇద్దరం సున్నం వేస్తుంటే, తలెత్తకుండానే అన్నాడు.

"అన్నా, కొన్నాళ్లు నన్ను గార్డు డ్యూటీకి ఎయ్యొద్దని సాబ్‌కు సెప్పన్నా. తుపాకి సేతిలో ఉంటే నాకు మంచి ఆలోచనలు రావడం లే."

నేనేమన్నానో తెలుసా? "వాన వచ్చేలోపల ఆ రాయి కానియ్యిరా" అన్నాను. ఆ సాయంత్రం ఒక అడుగు ముందుకేసి సబ్ అచ్ఛా అన్నాను. అప్పుడు నా హవల్దార్ ప్రమోషన్ కాగితాలు పైన ఉన్నాయి. సెక్షన్‌లో ఒకడికి మనసు బాగలేదంటే పెద్దవాడు చేతకానివాడని రాస్తారు. వాణ్ణి వారం రోజులు గార్డుకు వేశారు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్షన్ అయ్యాక వాడు సెలవు మీద పోతే, నా నెత్తి మీది బరువు దిగిందనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫోను వచ్చిన మర్నాడు చిత్తూరులో బస్సు మారి పుత్తూరు మీదుగా నగరి పోయాను. దారంతా వాడితో ఏం చెప్పాలో వల్లించుకున్నాను. పెన్షను, పరువు, పోలీసులు. సీటు మూడుసార్లు మారాను. పక్కనున్న పెద్దాయన "కడుపులో బాగలేదా అప్పా?" అని కూడా అడిగాడు.

వాడి ఇంటి ముందు గదిలో రెండు పవర్‌లూమ్ మగ్గాలు, ఆ మోతకు పిలిచినా వినపడదు. వాళ్లమ్మ నా బూట్లు చూసి గుర్తుపట్టేసింది.

"పలమనేరు అన్నవి నువ్వే గదా నాయనా! ఎప్పుడూ నీ మాటే సెప్తా ఉంటాడు."

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. చేతిలో నీళ్ల చెంబు పెట్టి ఆమే చెప్పింది. "వచ్చినప్పుడు పిల్లోడు మనిషిగా లేడు. తిరుపతికి తీసకపోయి డాక్టరుకు సూపించినాం. మాత్రలు ఇచ్చినారు. ఇప్పుడు రెండు పూట్లా తింటా ఉండాడు. మళ్లా తీసకపోతావా?"

వాడు మగ్గం ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తలూపాడు గానీ ఆపలేదు. నేను పక్కన నిలబడి, వల్లించుకున్నదంతా ఆ మోతలోనే అరిచి చెప్పాను. వాడికి ఎంత వినపడిందో తెలియదు. అంతలో టక్కున మగ్గం ఆపాడు. నాకేమీ కనిపించలేదు, వాడి చెయ్యి మాత్రం సరిగ్గా తెగిన పోగు దగ్గరికే పోయింది. రెండు కొసలు కలిపి ముడేస్తూ అన్నాడు.

"ఆపకుండా పోతే మూరలకు మూరలు గుడ్డ సెడిపోతాదన్నా. అందుకే సిన్నప్పుడే మా నాయన పోగు తెగింది సెవితో కనుక్కోను నేర్పించినాడు." ముడి బిగించి అడిగాడు. "ఆ పొద్దు సాబ్‌కు సెప్పినావా అన్నా?"

చెప్పానని అనొచ్చు. సాబే పట్టించుకోలేదని అనొచ్చు. బస్సులో ఆ ఆలోచన కూడా వచ్చింది.

"లేదు," అన్నాను. "సబ్ అచ్ఛా అని చెప్పినాను."

"తెలుసు. నేనూ వరసలోనే ఉంటి గదన్నా."

నేను ఫోను తీసి సుబేదార్ సాబ్‌కు చేశాను. వాడికి వినపడేలా స్పీకర్ పెట్టాను. ఆయన ఎత్తగానే "దొరికాడా? సబ్ అచ్ఛా?" అన్నాడు.

"నహీ, సాబ్," అన్నాను. గేటు దగ్గర వాడు అడిగింది, నేను దాచింది, తిరుపతి డాక్టరు మాత్రలు, అన్నీ చెప్పాను.

"తీసుకురా," అన్నాడు ఆయన. "ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే మిగతావి. తుపాకీ జోలికి ఎవరూ పంపరు, అది నా పూచీ. కానీ ఆ రోజే నీకు తెలుసని నువ్వు రాసివ్వాలి. రాసిస్తే హవల్దార్ మాట మర్చిపో."

"రాసిస్తాను, సాబ్."

హిందీ రాని వాళ్లమ్మకు వాడే అంతా విడమర్చి చెప్పాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అన్నం వడ్డిస్తానని లోపలికి పోయింది.

"ఎప్పుడు పోదామన్నా?" అన్నాడు.

"సోమవారం. రేణిగుంటలో రైలెక్కుదాం. నేనూ వస్తా."

"నీకు ఇంకా సెలవుండాది గదా?"

"ఇంట్లో రాళ్లన్నీ అయిపోయినాయి."

వాడు నవ్వాడు. చాలా నెలల తర్వాత ఆ నవ్వు చూశాను. మగ్గం మీటకు చెయ్యి పెట్టి, మళ్లీ తీసేశాడు.

"అన్నా, నువ్వు బాగుండావా?"

బాగుండా అనబోయాను. మాట నాలిక మీదికి వచ్చేసింది. మగ్గం ఆగే ఉంది. వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు.

"లేదురా," అన్నాను.

వాడు బల్ల మీద పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.