మునెయ్య పలక మోత

పూతలపట్టులో చావింటి ముందు మునెయ్య పలక డప్పు వాయిస్తే ఆ మోత చిత్తూరు దాకా వినబడుతుంది. ఒకసారి శవం బొటనవేలు కూడా తాళం వేసింది, నమ్మనివాళ్లు పోయినవాణ్ణే అడగండి! బౌద్ధం తీసుకున్నప్పటి నుంచి, గడ్డిమంట మీద పలక తోలు కాచుకుంటూ, ఏడ్చేవాళ్లతో "ఏదీ నిలవదబ్బా, బుద్ధుడు ఎప్పుడో చెప్పినాడు" అంటాడు. మొన్న వాళ్లమ్మే పోయింది. వాయిస్తాడా, కూలబడతాడా అని ఊరంతా వీధిలోకి వచ్చింది. మునెయ్య పలక ఎత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"మాకు చెప్పిన మాటలు యాడికి పోయినాయి మునెయ్యా?" అని పక్కింటి గురవమ్మ దెప్పింది.

"దుక్కం ఉండాదనే గదక్కా బుద్ధుడు మొదట చెప్పింది! ఏడవద్దని యాడ చెప్పినాడు?"

కన్నీళ్లకు తోలు మెత్తబడింది. మళ్లీ మంట మీద కాచి, గంతేసి వాయించాడు! పాడె మీద వాళ్లమ్మ బొటనవేలు కదిలిందో లేదో గానీ, గురవమ్మ కాళ్లు మాత్రం ఆగలేదు.