పదిహేడో కిలోమీటరు దగ్గర గంప

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే మనిషిని చూస్తే జనానికి వచ్చే అనుమానాలు రెండే. పోలీసు భర్తీకి తయారవుతున్నాడని, లేదా ఇంట్లో ఎవరికో ఏదో అయిందని. నాకు ముప్పై ఆరేళ్లు. నడినెత్తిన జుట్టు పలచబడింది కాబట్టి మొదటి అనుమానం నిలవకూడదు. అయినా నిలబెట్టేవాళ్లున్నారు.

"ఇంకెన్నేండ్లు ఫెయిలైతవ్ కొడుకా?" అని టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మూడేళ్లు వరసగా అడిగాడు. ఇది నౌకరీ కోసం కాదు, పోటీల కోసమని మొదట్లో వివరంగా చెప్పేవాణ్ని. విన్నాక ఆయన ముఖంలో జాలి ఇంకాస్త పెరిగేది. తర్వాత "ఈసారి అయితది తాతా" అనడం మొదలుపెట్టాను. ఇద్దరికీ హాయిగా ఉంది.

పగలు నేను తహసీల్ కచేరీ ఎదుట దరఖాస్తులు నింపే దుకాణం నడుపుతాను. జనం తెలుగులో చెబుతారు, నేను మరాఠీలో నింపుతాను, కంప్యూటరు ఇంగ్లిష్‌లో తప్పు చూపిస్తుంది. నా బీయస్సీ ఇందుకు బాగానే పనికొస్తోంది. నా భార్య భామ్రాగడ్‌లో నర్సు. వానాకాలం వాగులు పొంగితే ఆమె అటు, నేను ఇటు. మిగతా కాలాల్లో వాగులు అడ్డం రావు, సెలవులే దొరకవు. ఒక్కడికి అన్నం వండుకొని ఒక్కడే తినడం కంటే రెండు గంటలు పరుగెత్తడం తేలికని కనిపెట్టిన రోజు నుంచి నేను దూరం పెంచుతూ పోయాను. దీన్ని ఆసుపత్రి భాషలో ఏమంటారని మా ఆవిడను ఫోన్లో అడిగాను. "పిచ్చి" అంది.

తోడు పరుగెత్తేవాళ్లు లేరు. భర్తీకి తయారయ్యే కుర్రాళ్లు పదహారు వందల మీటర్లు ఉరికి ఆగిపోతారు. వాళ్ల పరీక్ష అంతే. వాళ్లు చెమట తుడుచుకొని నవ్వుకుంటూ వెనక్కి నడిచే చోట నుంచి నా పని మొదలవుతుంది.

ఈ రోడ్డు మీద ఒక మర్యాద ఉంది. నిండు గంపను మనిషి నెత్తి మీద నుంచి ఒంటరిగా దించుకోవచ్చు గానీ, ఒంటరిగా ఎత్తుకోవడం కుదరదు. అందుకని గంప నింపుకున్నావిడ చుట్టబట్ట నెత్తిన పెట్టుకొని రోడ్డు పక్కన నిలబడుతుంది. అటుగా మొదట వచ్చిన మనిషి ఎవరైనా ఆగి చెయ్యి వేయాలి. కులం చూడరు, తొందర చూడరు. బస్సు ఆపి డ్రైవరు దిగడం నేను కళ్లారా చూశాను. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆడవాళ్లు చీకటి ఉండగానే చెట్ల కిందికి చేరతారు. నేను తిరుగుదారి పట్టే వేళకు గంపలు నిండి ఉంటాయి. గడియారం ఆపడం, గంప ఎత్తడం, మళ్లీ గడియారం నొక్కడం. ఒక్కో పొద్దు నాలుగు గంపలు. భుజాలకు వేరే కసరత్తు అక్కర్లేకపోయింది.

ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల ఒక అవ్వ నిలబడేది. ఆమె వేరేవాళ్లను అడగదు. నా కోసమే ఆగేది.

"ఎంత సేపాయె నిలబడి! ఇయ్యాల కాళ్లల్ల సత్తువ లేదా?"

"ఎదురుగాలి అవ్వా."

"గాలికే ఆగితే పోలీసోళ్లు నిన్ను తీసుకుంటరా?"

పొద్దున నా కోసం ఎదురుచూసే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఎదురుచూసేది నా చేతుల కోసమే అనుకోండి. చేతులు కూడా నావే కదా.

ఆ ఏడాది జిల్లా పోటీ మా రోడ్డు మీదే పెట్టారు. వెళ్లి రావడం మొత్తం ఇరవై ఒక్క కిలోమీటర్లు. మొదటి ముగ్గురిని నాగ్‌పూర్‌లో చుట్టుపక్కల జిల్లాలన్నీ కలిసే విభాగం పోటీకి పంపుతారు. అంతకు ముందు రెండుసార్లు నాది నాలుగో స్థానం. నాలుగోవాడికి చప్పట్లు కొడతారు, కుర్చీ వేయరు. ఇంకో ఏడాదికి నా మోకాళ్లు నా మాట వినవని నాకు తెలుసు.

పోటీ ముందు రోజు మా ఆవిడ ఫోన్ చేసింది. "మూడో నంబర్ తెచ్చుకో. రెండు దినాలు సెలవు పెట్టి నాగ్‌పూర్ వస్త. నాలుగోదానికి సెలవియ్యరు మా దగ్గర."

ఆమె నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. మేమిద్దరం కలిసి రెండు రోజులు వరసగా ఎప్పుడు ఉన్నామో గుర్తు చేసుకోవడానికి ఆ సాయంత్రం కొంతసేపు ప్రయత్నించాను.

పోటీ కోసం రోడ్డు మూస్తామన్నారు. మూశారు కూడా, బండ్లకు. నడిచేవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మొదలైన కాసేపటికే ఇద్దరు కుర్రాళ్లు కనబడకుండా పోయారు. వాళ్ల వెనక నేను, నా వెనక జింగనూర్ నుంచి వచ్చిన ఒకాయన. రైతు, నాకంటే పదేళ్లు చిన్న. బూట్ల లేసులు రెండు రంగులవి. సగం దారిలో ఊరి వైపు మళ్లాక ఆయన అడుగుల చప్పుడు దగ్గరవుతూ వచ్చింది. వెనక్కి తిరిగి చూడకూడదని పట్టుబట్టి, రెండుసార్లు చూశాను. మా మధ్య వంద అడుగుల దూరం ఉంటుంది.

పదిహేడో కిలోమీటరు దగ్గర అవ్వ నిలబడి ఉంది. కాళ్ల దగ్గర నిండు గంప, నెత్తిన చుట్టబట్ట. నన్ను చూడగానే చీర చెంగు నడుముకు దోపుకుంది.

"దా బిడ్డా, మంచిగొచ్చినవ్. జర చెయ్యెయ్యి."

కాళ్లు ఆగబోయాయి. అన్నేళ్ల అలవాటు. వాటిని నేను ఆగనివ్వలేదు. నోట్లోంచి మాత్రం "ఇప్పుడే వస్తా అవ్వా" అని ఒక మాట వచ్చింది. పరుగుపందెంలో ఉన్న మనిషి ఎక్కడికి పోయి వస్తాడో నాకే తెలియదు. ఆ తర్వాతి నాలుగు కిలోమీటర్లు వెనక చప్పుడు వినబడలేదు. అలసిపోయాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు సౌకర్యంగా ఉంది.

మూడోవాణ్ని నేనే. ఇరవై సెకన్ల తర్వాత జింగనూర్ ఆయన వచ్చాడు. ఇద్దరం చింతచెట్టు నీడన కూలబడ్డాం.

"దాదా, ఆ ముసలవ్వ నిన్ను పిలిచింది గదా?" అన్నాడు.

"నేను ఇనలే."

"నేను ఎత్తుతనంటే వద్దన్నది. మా పిలగాడు ఇప్పుడే వస్తనన్నడు, ఆగుతనన్నది. జబర్దస్తీ ఎత్తి వచ్చిన."

ఆయన తన చేతిలోని నీళ్ల సీసా ఇచ్చాడు.

తడి ఇప్పపువ్వు గంపను, అందులోనూ వద్దంటున్న మనిషి నెత్తికి, ఎత్తడానికి ఎంతసేపు పడుతుందో నాకు బాగా తెలుసు. ఇరవై సెకన్లలో అయ్యే పని కాదది. ఈ సంగతి మైకు దగ్గరున్న పెద్దలకు చెబుదామా అనుకుంటున్నాను. అంతలో మైకులో నా పేరు పిలిచారు. వెళ్లాను. కుర్చీ వేశారు.

మర్నాడు పొద్దున తిట్లు తినడానికి సిద్ధపడి అవ్వ దగ్గరికి నడిచే వెళ్లాను. ఆమె గంప పక్కనే నిలబడి, నన్ను చూసి చెయ్యి అడ్డంగా ఊపింది.

"పో బిడ్డా, పో. నేనాగుత."

"ఇయ్యాల పోటీ లేదవ్వా. గంప ఎత్తనీ."

"నాకెర్కలేదా? ఆ జింగనూరాయన అంతా చెప్పిండు. గెలిస్తే నాగ్‌పూర్ తోలుతరంట గదా! నిన్ననే ఎర్కుంటే పిలుద్దునా నిన్ను? ఈ పాడు గంప కోసం నీ నౌకరీ చెడగొడుదునా?"

"నౌకరీ కాదవ్వా..."

"నౌకరీ అయినంక ఎత్తుదువు తియ్యి. ఇగ పో, పొద్దెక్కుతాంది."

ఆమె కోప్పడి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. నేను అక్కడే నిలబడ్డాను. ఆమె కూడా నిలబడింది. చివరికి సైకిల్ మీద వచ్చిన మనిషిని ఆపి గంప ఎత్తించుకొని, నాకు దారి ఇచ్చినట్టుగా రోడ్డు అంచు పట్టుకొని వెళ్లిపోయింది.

నాగ్‌పూర్‌లో నలభై మందిలో నాది ముప్పై ఒకటో స్థానం. మా ఆవిడ అన్న మాట ప్రకారం వచ్చింది, గట్టిగా అరిచింది కూడా. రెండో రోజు బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు ఆమెకు గంప సంగతి చెప్పాను.

"నువ్వు ఆగి ఉంటే నేను ఇక్కడ ఉండకపోదును" అంది.

"అవును."

"మరి అవ్వతోటి ఏమన్నవ్?"

"ఇప్పుడే వస్తా అన్న."

"నాతోటి కూడా గదే అంటవ్ నువ్వు" అని, సంచి భుజానికి తగిలించుకుంది. మాట్లాడుకోవడానికి ఇంకా ఉంది గానీ ఆమె బస్సు ముందు వచ్చింది.

అవ్వ నా మేలు కోరి ఆ రోడ్డు పొడుగునా అందరికీ చెప్పింది. ఇప్పపువ్వు అయిపోయి తునికాకు మొదలైంది. ఆకు మోపులతో ఆడవాళ్లు అక్కడక్కడా నిలబడే ఉంటారు. నేను కనబడగానే ఒకామె ఇంకొకామెతో "ఆయన ఉరుకుతున్నడు, ఆపకుర్రి" అంటుంది. ఇద్దరూ మర్యాదగా అడవి వైపు తిరుగుతారు. నా అంతట నేను ఆగితే మోపు మీద చెయ్యి వేసి "వద్దు, వద్దు" అంటారు, కలెక్టరు వచ్చి వంట చేస్తానన్నట్టు.

ఆ వేసవిలో నా టైము ఒకటిన్నర నిమిషం తగ్గింది. అంత ఖాళీ రోడ్డు మీద ఎవరికైనా తగ్గుతుంది.