డేగ బొమ్మ కోటు

కువైట్‌లోని ఫహాహీల్‌లో బోర్డులు తయారుచేసే షాపులో నేను డిజైన్లు గీసేవాణ్ణి. గదిలో నాతోపాటు ఉండేది రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక టైలరు. పగలంతా అరబ్బీ, హిందీ మాట్లాడి అలిసిన నోటికి సాయంత్రం తెలుగు దొరికేది అతని దగ్గరే. నాకు వేరే స్నేహం లేదు.

ఒకరోజు స్కాట్లాండ్ ఇంజనీరు ఒకాయన షాపుకొచ్చి, తన వంశచిహ్నాన్ని ఇత్తడి పలక మీద చెక్కమన్నాడు. డాలు, దాని మీద దుప్పి తల. అడక్కుండానే అనుమతి పత్రం నకలు చూపించాడు. వాళ్ల దేశంలో ఇలాంటి చిహ్నాలకు ఒక న్యాయస్థానమే ఉందట. హక్కులేనివాడు గోడకు తగిలిస్తే తీయించేస్తుందట. ఇంగ్లండులో రాణిగారి కొలువు అధికారులు చూస్తారట, కెనడాలో వేరే కార్యాలయమట. సొంత తమ్ముడు వాడుకోవాలన్నా బొమ్మలో చిన్న తేడా చూపించాలట. ఇదంతా నాకు వింతగా తోచి డైరీలో రాసుకున్నాను.

ఆ రోజుల్లోనే మా టైలరు తెలుగువాళ్ల క్రికెట్ జట్టు కెప్టెన్‌కు నల్లకోటు కుడుతున్నాడు. జేబు మీద కువైట్ ప్రభుత్వ ముద్రలోని డేగ, రెక్కల మధ్య పడవ, అంతా బంగారు రంగు దారంతో. పనైన రోజున గదికి తెచ్చి చూపించాడు. అందంగా ఉంది. కానీ సర్కారు ఉత్తరం లేకుండా ఆ ముద్ర దేనిమీదా వేయొద్దని మా యజమాని మొదటిరోజే హెచ్చరించాడు. ఎవరైనా పట్టుకుంటే పోయేది ఇతని ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి.

"తమ్ముడూ, కోట్ ఆఫ్ ఆర్మ్స్‌కు ప్రతి దేశంలోనూ రూల్స్ ఉంటాయి. పర్మిషన్ లేకుండా..." అని మొదలుపెట్టాను.

"కోటుకు రూల్సా?" అన్నాడు. "చేతులు ఎట్ల పెట్టల్లో నువ్వు నాకు చెప్తావా అన్నా? బోర్డులు గీసుకునేటోడివి!"

కోటు కోసం వచ్చి కూర్చున్న కెప్టెన్ పగలబడి నవ్వాడు.

"చేతుల కోటు కాదబ్బా! సర్కారు ముద్రను ఇంగ్లీషులో అట్లంటారు. నువ్వు చేతులు కుట్టు, అన్న కాళ్లు కుడతాడు!" మళ్లీ తనే నవ్వు ఆపి, "అన్న చెప్పేది నిజమే. నాకొద్దు ఈ డేగ. విప్పేయ్" అన్నాడు.

టైలరు మా ఎదురుగానే బ్లేడుతో ఒక్కొక్క రెక్కే విప్పాడు. గుడ్డ మీద సూది రంధ్రాలు మిగిలాయి. కొద్దిరోజులకే ఎగైలాలో తను కుట్టే షాపు పక్కన గది దొరికిందని సామాను సర్దుకున్నాడు. నేను పెట్టె పట్టుకోబోతే, "వద్దులే" అన్నాడు.

నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. మూడోమనిషి ముందు చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆ ఆలోచన తర్వాత వచ్చింది.

ఒక శుక్రవారం పొడుగైన ప్యాంటు ఒకటి పట్టుకుని బస్సులో ఎగైలాలోని అతని షాపుకు వెళ్లాను. మెడలో టేపుతో వచ్చాడు. వంగి కొలత తీసి, చాక్‌పీసుతో గీత పెట్టాడు.

"ఇంత మడిస్తే సాలా సార్?"

"చాలు" అన్నాను.

"ఇంకేమన్నా ఉందా సార్?"

చాలా ఉంది. వెనక ఇంకో మనిషి కొలతలకు నిలబడి ఉన్నాడు. లేదని చెప్పి బయటికొచ్చేశాను.