వదినగారి వాలు అక్షరాలు

ఆవిడ పని అక్షరాలు గీయడం. కవితలకీ, శుభలేఖలకీ, పుస్తకాల్లో ఉత్తరాలకీ పనికొచ్చే వాలు అక్షరాల ఫాంటు ఒకటి కొన్నేళ్లుగా ముందుగదిలో కూర్చుని గీస్తోంది. గుండ్రటి అక్షరాన్ని ఊరికే పక్కకి వంచితే తూలిపడుతున్నట్టుంటుందని ప్రతిదాన్నీ మొదటినుంచి గీసుకుంది. సున్నా కోడిగుడ్డులా సాగకూడదు, తలకట్టు రెక్కలా తేలిగ్గా లేవాలి. కాగితం మీదివి కంప్యూటర్లోకి ఎక్కించేది మరిది. తమ ఇద్దరి దగ్గర తప్ప ఆ అక్షరాలు ఇంకెక్కడా లేవని ఆవిడ నమ్మకం.

ఒకరోజు కొట్లో సబ్బు కొనబోయి, పెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దాని మీద పేరు తన అక్షరాల్లో ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆవిడకి మాత్రం దొరికిపోయినట్టే అనిపించింది. అది మొదలు మరిది ఫోన్లో గొంతు తగ్గిస్తే సబ్బు కంపెనీవాళ్లే అనుకునేది. కొత్త చొక్కా వేసుకుంటే ఓహో అనుకునేది. మొగుడి చెవిన వేస్తే, "వాడా? వాడు సబ్బు మొహం చూసేదే వారానికోసారి" అని నవ్వేశాడు. అన్నదమ్ములు ఒకటే అనుకుంది ఆవిడ.

చివరికి ఒక ఎత్తు వేసింది. 'ళ' తోకని కావాలనే మొరటుగా, పొడుగ్గా గీసి, ఇదే ఖాయమని చెప్పి ఇచ్చింది. ఆ తోక బజార్లో కనబడితే చాలు, నిలదీయొచ్చు.

మర్నాడు మరిది ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వదినా, ఈ ళ నువ్వు గీసినట్టు లేదు."

"చెయ్యి వణికిందేమో."

"వణికితే గీత చెదురుతుంది. ఇది చెదరలేదు." కాగితాన్ని ఆవిడ వైపు తిప్పాడు. "నాకోసమే గీశావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నది ఆవిడే. ఆ ఉక్రోషంలో సబ్బుపెట్టె తెచ్చి అతని ముందు పడేసింది. మరిది దాన్ని తిప్పి చూసి, అడుగున సన్నగా వేసిన ప్రెస్సు పేరు మీద వేలు పెట్టాడు. అచ్చులో ఎలా వస్తాయో చూసుకోవడానికి పోయినేడు అక్కడికి వెళ్లి ఫైలు ఇచ్చింది ఆవిడే. ఇచ్చిన సంగతే మరిచిపోయింది. ఫోను చేస్తే ప్రెస్సాయన, బాగున్నాయని వాడేశామండీ, వద్దంటే మానేస్తాం అన్నాడు తాపీగా. ఆయన్ని దులిపేసి ఫోను పెట్టేసింది గానీ, వెనక్కి తిరిగి మరిది మొహం చూడలేకపోయింది.

సాయంత్రానికి మరిది వెనకగదిలోని కంప్యూటర్ని మోసుకొచ్చి, తెర ఆవిడ వైపు ఉండేలా ముందుగదిలో పెట్టాడు.

"ఇక్కడైతే నీకు కనబడుతుంటుంది."

అక్కర్లేదయ్యా, నాదే తప్పు అందామనుకుంది. అనకుండా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.

ఫాంటు ఆ ఏడే బయటికొచ్చింది. కవితల పుస్తకాలవాళ్లు మెచ్చుకుని తీసుకున్నారు. మరిది ఇప్పటికీ ఎవరికి ఏ ఫైలు పంపాల్సినా ముందు ఆవిడకి చూపించి, "పంపనా వదినా?" అని అడిగి మరీ పంపుతాడు. అడిగిన ప్రతిసారీ ఆవిడ తల ఊపి, కాగితంలోకి తల దించేసుకుంటుంది.