రాజ్యలక్ష్మి మేడమ్‌కి చెప్పిన బొమ్మ

గణపవరం దాటుతుండగా బస్సు కిటికీలోంచి కాలిన వరిగడ్డి వాసన వచ్చింది. పక్కసీటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గట్టిగా పీల్చాను. ఆ వాసనకి నాకు రాజ్యలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు. తాడేపల్లిగూడెం కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పేవారు. కోతలయ్యాక పొగ కమ్మితే అందరూ తలుపులు వేసుకునేవారు; ఆవిడ చిన్న పంపు పట్టుకుని కాలేజీ డాబా ఎక్కేవారు. పంపు లాగిన గాలిలోని నుసి గుండ్రటి ఫిల్టర్ పేపరు మీద నిలిచేది.

మండవల్లిలో చేపల చెరువుల మీద బతికే ఇంటి పిల్లని నేను. ఆ పేపర్లు మార్చే పని నాకప్పగించారు. ఒకరోజు పేపరు చెయ్యి జారి నీళ్లలో పడింది. భయపడి, కొత్తదాని మీద కిటికీ దుమ్ము రాసి ఇచ్చాను. ఆవిడ మైక్రోస్కోపులో చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"గీతలన్నీ ఒక్కవైపే ఉన్నాయేమ్మా. ఇది గాలి వదిలింది కాదు, వేలు రాసింది."

"తప్పయిపోయిందండీ. తిడతారేమోనని..."

"ఈరోజు పేపరు లేదని రాద్దాం. అంతే కదా."

ఆ ముక్క నా చేతే రాయించారు. ఎవరికీ చెప్పలేదు.

ఆవిడకో కోరిక ఉండేది. "ఈ నల్లచుక్క లోపల ఏముందో మన మైక్రోస్కోపు చెప్పలేదు. ఎక్స్‌రేతో చూసేవి ఉన్నాయిట. నువ్వెప్పుడైనా చూస్తే నాకు చెప్పమ్మా" అనేవారు.

చాలా ఏళ్లకి అలాంటి యంత్రం దగ్గరే నాకు ఉద్యోగం దొరికింది. ఎక్స్‌రేల శక్తిని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే, రేణువులో ఏ భాగం మసో, ఏది లవణమో విడివిడిగా కనబడుతుంది. కొల్లేటి ఒడ్డున పట్టిన పొగ రేణువు బొమ్మ తీసుకుని ఏలూరులో ఆవిడ ఇంటికి పరుగెత్తాను. షుగరు ఆవిడ చూపు తీసేసిందని, బొమ్మ చేతిలో పెట్టాక గానీ నాకు తెలియలేదు. అన్నాళ్లూ నేను ఒక్క ఫోనైనా చెయ్యలేదు మరి. ఆవిడ కాగితాన్ని వేళ్లతో తడిమి, "నువ్వు చెప్పు, నే వింటాను" అన్నారు.

"మధ్యలో మసండీ, ద్రాక్షగుత్తిలా ముద్దకట్టింది. చుట్టూ గడ్డిపొగలోంచి వచ్చిన పొటాషియం లవణం."

"పొర అంతటా సమంగా ఉందా?"

"లేదండీ. ఒక పక్క బాగా పల్చన."

"అటువైపేం జరిగిందో!" ఆవిడ ముఖం విప్పారింది. "ఈసారి ఇంకోటి పట్రా."

రెండోసారి వెళ్లేసరికి ఆవిడ లేరు.

ఇప్పటికీ తెర మీద రేణువు తేలగానే దాన్ని మెల్లగా, తెలుగులో, పైకే వర్ణిస్తాను. నాలో నేను మాట్లాడుకుంటున్నానని పక్కవాళ్లు నవ్వుకుంటారు. చెప్పడం అయ్యాక కాసేపు ఆగుతాను. ఆవిడ ఏదో అడగాలి కదా.