మరిది బండికి నేను తగ్గించిన నూనె

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా దాన్ని కిందికి దించలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. తాడేపల్లిగూడెంలో నాన్నగారి కిరాణా కొట్టు వెనక గదిలో అమ్మే అక్షరాలు, లెక్కలు నేర్పింది. ఆ భాగ్యానికి రోజూ దండం పెట్టుకుంటాను. కొట్టులో ఇంకొకటి కూడా నేర్చుకున్నాను: అమ్మేవాడు చెప్పే కొలతను నమ్మకూడదని.

పెళ్ళయి ఏలూరు వచ్చాను. మా మరిదికి బండి పిచ్చి. పాత టూ స్ట్రోక్ బండిని మట్టి దారులకు తగ్గట్టు మార్పించుకుని, ఎండాకాలం ఆదివారాల్లో కొల్లేరులో ఎండిన నేల మీద స్నేహితులతో పందేలు వేసేవాడు. ఆ బండికి పెట్రోలులోనే ఇంజను నూనె కలపాలి. “మీరు కలిపితే తేడా రాదు వదినా” అని ఆ పని నాకు అప్పగించాడు.

లీటరుకు నలభై మిల్లీలీటర్లు కలపమని, ఆ బండికి కొత్త పిస్టన్ వేసిన వీధి చివరి మెకానిక్కు చెప్పాడు. ఆ నూనె అమ్మేదీ అతనే. అక్కడే నాకు అనుమానం. పైగా బండి తీసినప్పుడల్లా వాకిలంతా నీలం పొగ. దీపం పొగ చిమ్మితే వత్తి తగ్గిస్తాం కదా, ఇదీ అంతేననుకున్నాను. ఒకరోజు అతను మా గుమ్మంలోకి వస్తే అడిగేశాను, ఇంత నూనె ఎందుకని.

“పొగొస్తందని తగ్గించెయ్యకండేం! ఇంజను పట్టేస్తదండి.”

“తగ్గిస్తే మీ సీసాలు అమ్ముడుపోవనా?”

పకపకా నవ్వాడు. “నా దగ్గర కొనకండమ్మా, ఎక్కడైనా కొనుక్కోండి. కొలత మాత్రం అదేనండి. మీ ఏకాదశులు మీరు చేసుకోండి, బండి చేత ఉపవాసం చేయించకండి!”

ఆ నవ్వు నాకు నచ్చలేదు. దొరికిపోయినవాడే అలా నవ్వుతాడనుకున్నాను. ఆ తరవాత సగమే పోశాను. పొగ తగ్గింది. నా అనుమానమే నిజమని లోలోపల మురిసిపోయాను. అందులోనూ సగం తగ్గించాను.

ఆ వచ్చిన ఆదివారం పందెంలో బండి మంచి వేగంలో ఉండగా ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి మరిది ఎగిరిపడ్డాడు. ప్రాణం దక్కింది, స్వామి దయ. కుడి మోకాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు.

మావారు ఆసుపత్రి నుంచి వచ్చి అడిగారు. “నూనె ఎంత కలిపారంటున్నాడు మెకానిక్కు. కొలత ప్రకారమే కలిపావు కదా?”

“కలిపానండీ.”

అంతే. రెండోసారి అడగలేదు. నా మాటను శంకించడం ఆయనకు రాదు. నేరుగా మెకానిక్కు షెడ్డుకు వెళ్ళి, నాసిరకం పిస్టన్ వేశావని నలుగురి ముందు అతన్ని నానా మాటలూ అన్నారు. ఆ మాట ఊళ్ళో పాకింది. షెడ్డుకు బళ్ళు రావడం మానేశాయి. కొన్నాళ్ళకు అతను తలుపులు మూసేసి ఉంగుటూరు వైపు వెళ్ళిపోయాడని విన్నాను.

ఎందుకు నోరు విప్పలేదు? భయమా? అతని మాటే నిజమైందని ఒప్పుకోలేని పొగరా? మరిదిని బతికించినందుకు రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను, ఆ కృతజ్ఞత చాటునే దాక్కుంటున్నానేమోనని నా మీద నాకే అనుమానం. మరిది ఊరికే నా వైపు చూస్తే, తెలుసేమో అనిపిస్తుంది. మావారు మాట్లాడకుండా అన్నం తింటే, తెలుసేమో అనిపిస్తుంది. అప్పుడు ఒక్క మనిషిని అనుమానించాను. ఇప్పుడు ఇంటిల్లిపాదినీ అనుమానిస్తూ బతుకుతున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు చేయవలసింది కాదు. ఇంట్లో చెప్పే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. ఆ పిస్టన్‌లో ఏ లోపమూ లేదు. అతని పనిలో ఏ తప్పూ లేదు. నూనె తగ్గించింది నేను. ఈ మాట నాలోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది.