మన్నాఏఖేళ్ళిలో దిగే మేనత్త

మా మేనత్త చనిపోయిన సంగతి నాకు అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఉన్నాను. క్లాసు ముగించుకుని వరండాలోకి వస్తుంటే ఫోన్ మోగింది. "మీ అత్త పోయింది బిడ్డా. చాయ్ పెట్టుకొచ్చే లోపల్నే పోయింది. ఇగ ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న" అంది. అమ్మ ఏడవలేదు. ఆ చివరి మాటకు నేనే ఏడ్చాను. జ్వరమే కదా, రెండు రోజుల్లో లేచి తిరుగుతుందిలే అనుకుని ఉదయం ఆమెను చూసి నేను మామూలుగానే కాలేజీకి వచ్చేశాను.

బీదర్‌లో చాలామందికి ఆమె ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ వెనక కూర్చుని కన్నడంలో మెల్లగా మాట్లాడే మేడం. కడసారి చూడటానికి వచ్చినవాళ్ళంతా "బహుత్ సీదా మనిషి" అన్నారు. నాకు లోలోపల నవ్వొచ్చింది. మేనత్త మంచిది, నిజమే. కానీ దాపరికం లేని సీదా మనిషి మాత్రం కాదు. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆమె భర్త, మా మామ, చిన్న వయసులోనే పోయాడు. ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. పిల్లలు లేరు. అత్తవారింట్లో ఉండబుద్ధి కాక మా ఇంటికి వచ్చేసింది. నాన్న గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్లో ఒక పప్పుల కమీషన్ దుకాణంలో లెక్కలు రాసే మునీమ్. నాన్న, అమ్మ, మేనత్త, నేను. ఇదీ మా ఇల్లు. మామ పోయినప్పుడు ఆనవాయితీ ప్రకారం బొట్టు, పూలు, గాజులు తీసేశారు. రంగులు మాత్రం ఎవరూ తీసేయమనలేదు. వాటంతట అవే పోయాయి. ముందు ఎర్రవి పోయాయి, తరవాత పచ్చవి, చివరికి బూడిద రంగువీ, ఉతికి ఉతికి ఏ రంగో చెప్పలేనివీ మిగిలాయి. ఎవరూ చెప్పకుండానే జరిగిపోయే పనులు మన ఇళ్ళలో చాలా ఉంటాయి.

నా పదో తరగతి పరీక్షలైన వేసవిలో మొదటిసారి నన్ను హైదరాబాద్ తీసుకుపోయింది. పాట కచేరీ అంది. నెలకోసారి, రెండో శనివారం సెలవు చూసుకుని, ఆమె హైదరాబాద్ పోయి రావడం ఇంట్లో అందరికీ తెలుసు. "పాటలు టీవీల రావా?" అని అమ్మ సణిగేది. నాన్న ఏమీ అనేవాడు కాదు. బీదర్ నుంచి జహీరాబాద్ మీదుగా నేరుగా పోయే బస్సులు బోలెడు. మేనత్త మాత్రం నన్ను మన్నాఏఖేళ్ళి బస్సెక్కించింది.

"గిట్ల సుట్టు తిరిగి పోతమా అత్తా? ఎందుకు?" అన్నాను.

"కూసో పిల్లా. నీకే తెలుస్తది."

మన్నాఏఖేళ్ళిలో దిగి, లారీలనూ తోపుడు బండ్లనూ తప్పించుకుంటూ సంత వెనక సందులోకి పోయాం. అక్కడ ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మేనత్త నేరుగా లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. బయటికి వచ్చిన మనిషిని చూసి నేను నోరు తెరిచాను. ఆవపువ్వు రంగు చీర, దానికి ముదురు ఎరుపు అంచు. నుదుట గుండ్రటి బొట్టు. జడలో మల్లెలు. రెండు చేతులకూ గాజులు.

"నోరు మూసుకో, ఈగలు పోతయి" అంది మేనత్త.

స్నేహితురాలు నేలమీద కూర్చుని ఆమె కుచ్చిళ్ళు సర్దుతూ నాకు చెప్పింది: "నెలనెలా గిదే తమాషా బిడ్డా. బీదరామెను నా దగ్గర ఇడిచిపెట్టి పోతది. మల్ల వచ్చేటప్పుడు తీస్కపోతది."

మేనత్త మంచి చీరలన్నీ ఆ ఇంట్లో ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. ఇంటి నుంచి కట్టుకొచ్చిన బూడిద చీర అక్కడ విడిచి, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అదే చుట్టుకుని, బొట్టు కడుక్కుని బీదర్ బస్సెక్కేది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకోలేదు. నేను చెప్పనని ఎలా నమ్మిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తరవాత చాలాసార్లు ఆమె వెంట పోయాను. శనివారం సాయంత్రం కచేరీనో నాటకమో చూసి, రాత్రికి మా ఇంటితో రాకపోకలు లేని దూరపు చుట్టాల ఇంట్లో పడుకుని, ఆదివారం తిరిగి వచ్చేవాళ్ళం. ముస్తాబు విషయంలో మేనత్తకు సొంత పద్ధతులు ఉండేవి. కొత్త చీర ఎప్పుడూ కచేరీకి కట్టేది కాదు. ముందు స్నేహితురాలి ఇంట్లో కాసేపు కట్టుకుని తిరిగి, "ఇంకా నా మాట ఇంటలేదు" అని మడత పెట్టేసేది. గాజులు బస్సులో దారి పొడుగునా గలగలలాడించి, హాలు గుమ్మం దగ్గర తీసి చేతిరుమాలులో చుట్టి సంచిలో వేసేది. "మా పాట బస్సుల అయిపోయింది. ఇగ పాడేటామె పాట" అనేది. కార్యక్రమానికి ముందే తినేది. హాల్లో పొట్లం విప్పి చప్పుడు చేసేవాళ్ళ వైపు ఒక చూపు చూసేది. ఆ చూపు పడ్డవాళ్ళు పొట్లం మళ్ళీ కట్టేసుకునేవాళ్ళు.

ఆ మొదటి కచేరీకి నాకు జరీ లంగా ఓణీ వేసింది. మన వైపు ఫంక్షన్ అంటే పెళ్ళే కాబట్టి నాకూ అది మామూలుగానే అనిపించింది. హాల్లో చూస్తే అందరూ నలిగిన కుర్తాలు, జీన్సు ప్యాంట్లు. నా ఈడు అమ్మాయిలు నన్ను చూసి మొహాలు మొహాలు చూసుకున్నారు. "పోదాం అత్తా, ఇజ్జత్ పోతాంది" అని గొణిగాను. మేనత్త నా ఓణీ అంచు సరిచేసింది.

"ఆ పాడేటామె మన కోసం తయారై వచ్చింది గదా? మనం ఆమె కోసం తయార్ కావద్దా? ఆమెకు గూడ చూడనీకి ఏదన్న ఉండాలె."

నేను ప్రేక్షకురాలినయ్యాను అనుకున్న రోజు అదే. అంతకు ముందు టికెట్టు ఉన్న మనిషిని మాత్రమే. మేనత్త చిత్రాల ప్రదర్శనలకు కూడా అంతే ముస్తాబై వచ్చేది. నాకు తలా తోకా తెలియని రంగుల ముందు కదలకుండా నిలబడేది. "అర్థమైతుందా అత్తా?" అంటే, "కాకుంటే ఏమాయె. జర నిలబడు. అది గూడ మనల్ని చూడనీ" అనేది. చేనేత ప్రదర్శనల్లో ప్రతి చీరా ముట్టుకునేది, ఒక్కటీ కొనేది కాదు. అమ్మేవాళ్ళకు విసుగొచ్చేలోపు పక్క కొట్టుకు జారుకునేది.

హైదరాబాద్‌లో అంత నిటారుగా నడిచే మనిషి మన్నాఏఖేళ్ళిలో బొట్టు కడుక్కునేటప్పుడు మాత్రం నాకు కోపం వచ్చేది. "అట్లనే రావొచ్చు గదా" అని ఒకసారి అడిగేశాను. "వదిన ఊకుంటదా? రేపు నీ పెండ్లి ఉంది. మీ అత్త గిట్ల తిరుగుతదంట అని ఒక్కరన్నా చాలు" అంది. పాటల కోసం కాదు, నా కోసం దాక్కుంటోందని అప్పుడు తెలిసింది. ఆ బరువు నాకు నచ్చలేదు.

ఒక ఆదివారం ఉదయం మేము తిరిగి వచ్చేసరికి స్నేహితురాలి ఇంటికి తాళం ఉంది. పక్కింటామె చెప్పింది: "హుమ్నాబాద్‌ల ఎవరికో సీరియస్ అంట. పొద్దుగూకినంకనే వస్తరు." బూడిద చీర లోపలుంది. మేనత్త ఒంటి మీద దానిమ్మ రంగు చీర, నుదుట బొట్టు, జడలో పూలు. గుమ్మం మీద కూర్చుండిపోయింది. నేను రుమాలు తడిపి తెచ్చి, "బొట్టు తుడుచుకో అత్తా, పూలు తీసెయ్యి, చీరకు నేనేదో ఒకటి చెప్త" అన్నాను. రుమాలు తీసుకుని మెడ మీద చెమట తుడుచుకుంది. బొట్టు జోలికి పోలేదు.

"ఎన్ని దినాలు బిడ్డా" అంది. "ఈ దాపుడుతోటి నాకు యాష్టకొచ్చింది."

బస్సులో దారంతా సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. బీదర్‌లో దిగాక నేను ఆటో పిలిస్తే వద్దంది. "గంజ్‌లకెల్లి నడిచి పోదాం. ఎవరో చెప్తే అన్న ఇనుడెందుకు? నేనే చూపిస్త" అంది.

కందుల సీజను కాబట్టి ఆదివారమైనా గంజ్ కిటకిటలాడుతోంది. బస్తాలు మోసే హమాలీలు, లారీలు, దుమ్ము. ఆ దుమ్ములో మేనత్త దానిమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచింది. మాటలు ఆగిపోవడం నాకు వినిపించింది. ఒక సేఠ్ కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూశాడు. నాన్న దుకాణం ముందు తూకం వేసే కాంటా దగ్గర నిలబడి ఉన్నాడు. చెల్లెల్ని చూశాడు. బొట్టు చూశాడు. నా వైపు చూశాడు.

"చాయ్ తాగుతవా చెల్లె?" అన్నాడు.

"తాగుత అన్నా."

నాన్న కండువాతో ఒక బస్తా మీద దుమ్ము దులిపాడు. మేనత్త దాని మీద కూర్చుని, గంజ్ మొత్తం చూస్తుండగా, ఊదుకుంటూ చాయ్ తాగింది. నాన్న పక్కనే నిలబడ్డాడు. "పాట మంచిగున్నదా?" అని అడిగాడు. ఆమె తలూపింది. మా నాన్నను నేను అంతగా ప్రేమించిన రోజు మరొకటి లేదు.

ఇంట్లో అమ్మ మాత్రం ఊరుకోలేదు. చాలా రోజులు మేనత్తతో ముభావంగా ఉంది. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. "మగనితోటే పోయినయి మల్ల ఎట్లొస్తయి?" అని నాతో అనేది. మేనత్త ట్రంకు పెట్టెను ఆటోలో బీదర్‌కు తెచ్చుకుంది. ఇక నేరుగా హైదరాబాద్ బస్సెక్కడమే. నా పెళ్ళి ఆగిపోలేదు. పెళ్ళివారు ఆమె చీర ఎక్కడ కొన్నదో అడిగారు.

రెండేళ్ళ కిందట నాన్న పోయాడు. ఈసారి అమ్మ రంగులు పోయాయి. ఎవరూ చెప్పలేదు, తనే తీసేసుకుంది. వంటింటి పక్క గదిలో చాప వేసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. మేనత్త ప్రతి నెలా ముస్తాబై ఆ గది గుమ్మంలో నిలబడేది. "వదినా, నడువ్ పోదాం." "నాకెందుకు? నువ్వు పో." "పోనీ, ఉత్తగ చీరన్న మార్చుకో." "నాకు గా షౌకు లేదు." మేనత్త కాసేపు నిలబడి, "వచ్చే నెల అడుగుత" అని వెళ్ళిపోయేది. ఒక్క నెల కూడా అడగడం మానలేదు. ఆమె చివరి రోజుల్లో బాధపడ్డది ఈ ఒక్క విషయానికే. "మా వదిన నన్ను చూసినంక గూడ భయపడ్తాంది బిడ్డా. నేనేం నేర్పిన?" అంది నాతో.

కర్మకాండ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, అమ్మకు తోడుగా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ నెల రెండో శనివారం కచేరీకి పోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ రోజు పొద్దున్నే లేచి చూస్తే అమ్మ బీరువా తెరిచి నిలబడి ఉంది. తన పాత చిలకపచ్చ చీర కట్టుకుంది. మడతల మీద గీతలు పడిపోయాయి, జాకెట్టు రంగు కలవలేదు. అద్దం ముందు చిన్న బొట్టు బిళ్ళ పెట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది.

"గిట్ల చూడకు నన్ను. ఈ నెల అడిగేటోళ్ళు లేరు గదా" అంది. "బస్సు ఎన్ని గంటలకు?"

దారి పొడుగునా నా మీద విసుక్కుంది. కిటికీ మూసెయ్యమంది, తెరవమంది. హైదరాబాద్‌లో ఆటో దిగాక, అంతమందిని చూసి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. హాల్లో మూడో వరసలో కూర్చున్నాం. చీర నలుగుతుందని వెనక్కి ఆనకుండా నిటారుగా కూర్చుంది. పాడే ఆమె నీలం పట్టుచీరలో వేదిక మీదికి వచ్చి, అందరికీ నమస్కారం పెట్టింది. తరవాత హాల్లో లైట్లు ఆర్పేశారు.

అమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "ఆమెకు మనం కనబడ్తున్నమా?"

"చీకట్ల ఎట్ల కనబడ్తమమ్మా?"

శ్రుతి మొదలైంది. అమ్మ ఆ చీకట్లోనే కొంగు భుజం మీద సరిచేసుకుంది.

"ఆర్పక ముందు చూసింది" అంది మెల్లగా. "నన్నే చూసింది."